వీఎస్ కోడ్‌లో అక్కర్లేని భాషలు: సెట్టింగా, డిసేబులా, ప్రొఫైలా?

రోజూ రాసేది పైథాన్, జావాస్క్రిప్టే. అయినా ఎప్పుడో వేసుకున్న గో, రస్ట్, పీహెచ్‌పీ భాషల ఎక్స్‌టెన్షన్లు (అదనపు సౌకర్యాలు జోడించే చిన్న ప్రోగ్రాములు) మనం కోడ్ రాసుకునే ఎడిటర్ వీఎస్ కోడ్‌లో అలాగే పడి ఉంటాయి. ఎడిటర్ నెమ్మదించిందంటే ముందు వాటినే తిట్టుకుంటాం. చాలాసార్లు తప్పు వాటిది కాదు. భాషల ఎక్స్‌టెన్షన్లలో ఎక్కువ భాగం ఆ భాష ఫైలు తెరిచేదాకా నిద్రలోనే ఉంటాయి. నమ్మకం కుదరకపోతే కమాండ్ ప్యాలెట్‌లో (ఆదేశాలు టైప్ చేసే పెట్టె) ‘షో రన్నింగ్ ఎక్స్‌టెన్షన్స్’ అని కొట్టండి. ఏది లేచింది, లేవడానికి ఎన్ని మిల్లీసెకన్లు పట్టింది, అన్నీ అక్కడే కనిపిస్తాయి. ఇది చూడకుండా దేన్నీ ఆపొద్దని నా గట్టి సలహా.

అసలు విసిగించేవి అన్ని భాషల్లోనూ తలదూర్చేవి. కోడ్ సూచించే ఏఐ కోపైలట్, స్పెల్లింగ్ తప్పులు పట్టే కోడ్ స్పెల్ చెకర్ లాంటివన్నమాట. వీటికి మాత్రం ఎక్స్‌టెన్షన్ సొంత సెట్టింగే మేలు. కోపైలట్‌లో ‘ఎనేబుల్’ అనే సెట్టింగ్ ఉంది. అందులో ఒక్కో భాష పేరు ఎదురుగా ట్రూ లేదా ఫాల్స్ రాస్తాం. స్టార్ గుర్తు అంటే మిగతావన్నీ అని అర్థం. అక్కర్లేని భాషలను వెతికి ఒక్కొక్కటిగా ఆపుతూ పోయే బదులు, స్టార్‌కే ఫాల్స్ ఇచ్చి కావలసిన రెండు మూడింటికి ట్రూ ఇవ్వడం నయం. రేపు కొత్త రకం ఫైలు వచ్చినా మళ్లీ ఈ లిస్టు ముట్టుకోనక్కర్లేదు.

ఇక్కడ చాలామంది పప్పులో కాలేసేది పేర్ల దగ్గర. రియాక్ట్ ఫైలుకు ‘జేఎస్‌ఎక్స్’ అని రాస్తే కుదరదు, దాని ఐడీ, అంటే వీఎస్ కోడ్ గుర్తించే పేరు, ‘జావాస్క్రిప్ట్‌రియాక్ట్’. బ్యాష్‌కు ‘షెల్‌స్క్రిప్ట్’, సీ ప్లస్ ప్లస్‌కు ‘సీపీపీ’. పేరు తప్పు రాస్తే ఎర్రర్ రాదు, సెట్టింగ్ పనిచేయదు, అంతే. ఫైలు తెరిచి, కింద కుడివైపు కనిపించే భాష పేరు మీద నొక్కితే వచ్చే లిస్టులో సరైన ఐడీ బ్రాకెట్లలో ఉంటుంది. దాన్నే చూసి రాసుకోండి.

ఒక హెచ్చరిక. కోపైలట్‌లో ఫాల్స్ పెడితే ఆగేది తనంతట తాను వచ్చే సూచనలు మాత్రమే. షార్ట్‌కట్ నొక్కి అడిగితే మళ్లీ ఇస్తుంది. పాస్‌వర్డ్‌లున్న ఫైలుకు ఇదే కాపలా అనుకుని ధీమాగా ఉండొద్దు.

ఒక ప్రాజెక్టులో మాత్రం ఎక్స్‌టెన్షన్‌ను పూర్తిగా ఆపేసే ‘డిసేబుల్ వర్క్‌స్పేస్’ మొరటు మందు, కానీ కొన్నిచోట్ల అదే సరైంది. ఉదాహరణకు రస్ట్ భాష ఎక్స్‌టెన్షన్ రస్ట్ అనలైజర్. ఫోల్డర్‌లో రస్ట్ ప్రాజెక్టుల వివరాల ఫైలు కార్గో.టోమల్ ఉంటే చాలు, మీరు ఒక్క రస్ట్ ఫైలు తెరవకపోయినా లేచి కూర్చుంటుంది. రస్ట్, పైథాన్ కలిసి ఉన్న పెద్ద రెపోలో (ప్రాజెక్టు కోడంతా ఉండే చోటు) మీ పనంతా పైథాన్‌లోనే అయితే, ఆ ఒక్క ప్రాజెక్టులో దాన్ని ఆపేయండి. వేరే ప్రాజెక్టుల్లో మామూలుగానే పనిచేస్తుంది. అయితే ఇలా ఆపిన సంగతి మీ మెషీన్‌లోనే ఉంటుంది, టీమ్ కోడ్ పంచుకునే గిట్‌లోకి వెళ్లదు. టీమ్ అంతటికీ వర్తించాలంటే ‘.వీఎస్‌కోడ్’ ఫోల్డర్‌లోని సెట్టింగ్స్ ఫైలే దారి. సెట్టింగ్ పద్ధతికి ఇది పెద్ద ప్లస్.

ఇక మూడో దారి ప్రొఫైల్స్, ఇవి 2023 మొదట్లో వచ్చాయి. పగలు ఆఫీసులో జావా, రాత్రి సొంతంగా గో నేర్చుకునేవాళ్లకు ఇంతకంటే సుఖం లేదు. ఒక్కో ప్రొఫైల్‌కు దాని ఎక్స్‌టెన్షన్లు, దాని సెట్టింగులు. ఫోల్డర్ తెరవగానే దానికి ముడిపెట్టిన ప్రొఫైలే వస్తుంది. రెండు భాషలూ ఒకే ప్రాజెక్టులో ఉంటే మాత్రం ఈ హంగామా దండగ. ఇంకో చికాకు, కొత్తగా వేసుకున్న ఎక్స్‌టెన్షన్ ఆ ప్రొఫైల్‌కే పరిమితం. థీమ్, గిట్ సంబంధించినవి అన్నిచోట్లా కావాలంటే, వేసుకున్న వెంటనే ‘అప్లై ఎక్స్‌టెన్షన్ టు ఆల్ ప్రొఫైల్స్’ ఎంచుకోండి.