రింగ్ రోడ్డు మీద అద్దె కారు: కంకర, గాలి, కెమెరా బిల్లులు

ఐస్‌లాండ్‌లో అద్దె కారు ఇన్సూరెన్సు కాగితం చదివితే చాలు, ఆ దేశం ఎలా ఉంటుందో సగం తెలిసిపోతుంది. కారు గుద్దుకుంటే ఒక కవరేజీ, కంకర రాయి తగిలితే ఇంకొకటి, ఇసుకో బూడిదో కొట్టి రంగు లేచిపోతే మరొకటి. గాలికి తలుపు విరిగినా, ఏరు దాటుతుంటే ఇంజన్లోకి నీళ్లు పోయినా మాత్రం మామూలు పాలసీలో పైసా రాదు. కెఫ్లావిక్ ఎయిర్‌పోర్టు కౌంటర్లో ఇదంతా విని మా బావ "డబ్బు గుంజే వేషాలు" అన్నాడు. జీపీఎస్ వద్దన్నాం, కంకరది తీసుకున్నాం.

అదే మమ్మల్ని కాపాడింది. దేశం చుట్టూ తిరిగే 1,300 కిలోమీటర్లు దాటే రింగ్ రోడ్డు దాదాపు అంతా తారే. పక్కదారి పడితేనే కంకర. తూర్పున ఎగిల్స్‌స్తాదిర్ అనే ఊరు వెళ్లడానికి ఫోన్ మ్యాపు ఆక్సి కనుమ మీదుగా దగ్గరి దారి చూపించింది. నిటారు ఎక్కుడు, అంతా రాళ్లు. ఎదురొచ్చిన జీపు చక్రం కింది రాయి ఎగిరొచ్చి ముందద్దం మీద నక్షత్రంలా పగులు పెట్టింది. జీపువాడికి తెలియను కూడా తెలియదు. పొగమంచులో ఆ కనుమ మీద కనిపించిందీ ఏమీ లేదు. తీరం వెంట చుట్టూ తిరిగి వెళ్లడమే మేలు.

గాలి సంగతి దక్షిణాన హిమానీనదాల పక్కనున్న స్కాఫ్తాఫెల్ దగ్గర తెలిసింది. పార్కింగ్‌లో మా పక్క కారు డ్రైవరు తలుపు వెనక్కి మడతపడి వేలాడుతోంది. కారు ముక్కు గాలికి ఎదురుగా ఉండేట్టు ఆపి, తలుపు రెండు చేతులతో పట్టుకుని తెరవాలని కౌంటర్లో అమ్మాయి చెప్పిందే. ఆ తర్వాత మా బావ దిగే ముందు ప్రతిసారీ గడ్డి ఎటు వంగుతోందో చూసేవాడు. ఇండికేటర్ వేయబోయి వైపర్లు వేయడం మాత్రం చివరిదాకా మానలేదు, పాపం.

ఒంటి వరస వంతెనల దగ్గర ముందొచ్చినవాడిదే దారి, గొడవ లేదు. రౌండెబౌట్‌లో లోపలి వరసవాడికి దారివ్వాలి, ఇది అలవాటు పడాలి. చాలా పెట్రోల్ బంకుల్లో మనుషులే ఉండరు. కార్డు పెట్టి పిన్ కొట్టాలి. ట్యాంకు నిండా అని నొక్కితే పెద్ద మొత్తం బ్లాక్ చేసి తర్వాత వదులుతారు. ఫారెక్స్ కార్డులో తక్కువ డబ్బుంటే ఇబ్బందే.

బసకి దక్షిణ తీరంలోని విక్ అనే ఊళ్లో ధరలు చూసి కళ్లు తిరిగాయి. ఇంకాస్త ముందుకెళ్లి కిర్క్యుబైయార్‌క్లౌస్తుర్ దగ్గర పొలంలో ఉన్న గెస్ట్‌హౌస్ తీసుకున్నాం. వంటిల్లు ఉంది, రైస్ కుక్కర్ పెట్టుకోనిచ్చారు. బోనస్ సూపర్ మార్కెట్లో దొరికే స్కిర్ మన గట్టి పెరుగులా ఉంటుంది, ఆవకాయన్నంలోకి భేషుగ్గా సరిపోయింది. హోటళ్లలో తిన్నవాళ్లకంటే మేమే సుఖపడ్డాం.

ఎఫ్ అక్షరంతో మొదలయ్యే కొండ రోడ్లకి చిన్న కారు తీసుకెళ్లకూడదు, ఫోర్ బై ఫోర్ తప్పనిసరి. అలాంటి దారిలో కొండల మధ్యనున్న లాండ్‌మన్నలౌగర్‌కి వేసవిలో రాజధాని రేక్యవిక్ నుంచి బస్సుంది. మేం అందులోనే వెళ్లాం. ఏర్లు దాటేటప్పుడు కిటికీలోంచి హాయిగా చూస్తూ కూర్చున్నాం.

కెమెరాల గురించి ఎవరూ గట్టిగా చెప్పరు. సెల్యాలాండ్స్‌ఫోస్ జలపాతం, స్కాఫ్తాఫెల్ లాంటి చోట్ల పార్కింగ్‌కి గేటుండదు, నంబరు ప్లేటు ఫొటో తీస్తారు. యాప్‌లోనో మిషన్ దగ్గరో మనమే కట్టాలి. ఉత్తరాన ఆక్యురేరి ఊరి పక్కన వాద్లహెయిది సొరంగానికీ అంతే, టోల్ ఆన్‌లైన్లోనే. పాత కనుమ దారి ఉచితం, ఎండ ఉంటే అదే అందం. కట్టకపోతే బిల్లు అద్దె కంపెనీకి వెళ్తుంది, వాళ్లు సర్వీసు చార్జీ కలిపి మన కార్డు మీద వేస్తారు. మా కంపెనీ అద్దం విషయంలో పేచీ పెట్టలేదు గానీ, ఇంటికొచ్చాక మేం కట్టేసిన సొరంగం టోలే మళ్లీ వేసింది. రసీదు పంపితే టోల్ వెనక్కొచ్చింది. సర్వీసు చార్జీ కోసం ఇంకా ఈమెయిళ్లు నడుస్తున్నాయి.