మైఎస్‌క్యూఎల్ గ్రూప్ కన్‌క్యాట్: పని బాగుంది, 1024 దగ్గర జాగ్రత్త

బరంపురంలో ఒక హోల్‌సేల్ బట్టల షాపు లెక్కల సాఫ్ట్‌వేర్ చూస్తుంటా, మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో చాలా రోలని (వరుసల్ని) ఒక్క లైనుగా అతికించే ఫంక్షన్ ఈ గ్రూప్ కన్‌క్యాట్, దీనికి నేనైతే 5కి 4 స్టార్లు ఇస్తా. ఇచ్ఛాపురం, పర్లాకిమిడి, గుణుపూర్ పార్టీల ఆర్డర్లు టేబుల్‌లో సరుకుకో రో చొప్పున పడతాయి, సావుకారికేమో పార్టీకి ఒకటే లైను కావాలి, వాట్సాప్‌లో పెడితే గోడౌన్ కుర్రాడు చూసి మూట కట్టేయాలి. గ్రూప్ బై పార్టీ అని రాసి (పార్టీవారీగా రోలని గుంపు చేయమని) గ్రూప్ కన్‌క్యాట్ పెడితే సరిగ్గా అదే వస్తుంది: "పట్టుచీర - 12, లుంగీ - 40, తువ్వాలు - 60". కామా వద్దంటే సెపరేటర్ మార్చుకోవచ్చు, ఏ వరుసలో రావాలో చెప్పే ఆర్డర్ బై కూడా బ్రాకెట్లోనే రాసుకోవచ్చు. మైక్రోసాఫ్ట్ డేటాబేస్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఇదే పని చేసే స్ట్రింగ్ ఆగ్ 2017లో గానీ రాలేదు, అంతకుముందు ఎక్స్‌ఎంఎల్ పాత్, స్టఫ్ అంటూ తిప్పలు పడేవాళ్లు.

స్టారు ఎక్కడ కోశానంటే, దీని డిఫాల్ట్ హద్దు 1024 బైట్లు. సరుకుల పేర్లు ఇంగ్లీషులో పెట్టుకునేవాళ్లకి ఫర్వాలేదు. మనం తెలుగులోనో ఒడియాలోనో పెడతాం, అక్షరాల్ని కంప్యూటర్‌లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో అక్షరానికి, గుణింతం గుర్తుకి, పొల్లుకి విడివిడిగా మూడేసి బైట్లు. "పట్టుచీర" ఒక్కటే 24 బైట్లు తినేస్తుంది! అన్నీ కలిపి తెలుగు గుర్తులు 341 దాటవు. పెద్ద పార్టీ దసరా ఆర్డరు పెట్టిందంటే లైను మధ్యలో తెగుతుంది, ఎర్రర్ రాదు, ఉత్త వార్నింగ్ వస్తుంది, రిపోర్టు చూసేవాడికి అదెక్కడ కనిపిస్తుంది? తెగిన చోట సరుకు పేరు, సంఖ్య పూర్తిగా ఉంటే అనుమానమే రాదు. అందుకే గ్రూప్ కన్‌క్యాట్ మ్యాక్స్ లెన్ అనే సెట్టింగుని పది లక్షల బైట్లకి పెంచాకే మొదలుపెట్టండి, సెషన్‌కి పెడితే ఆ కనెక్షన్ వరకే పనిచేస్తుంది. మైఎస్‌క్యూఎల్ నుంచే చీలిన మరియాడీబీ వాళ్లు 10.2.4 వెర్షన్ నుంచి డిఫాల్టే 1 ఎంబీ చేశారు, మైఎస్‌క్యూఎల్ వాళ్లకి ఏం అడ్డమొచ్చిందో.

ఇంకోటి. ఒకే రోలో పేరునీ సంఖ్యనీ మామూలు కన్‌క్యాట్‌తో అతికించేటప్పుడు సంఖ్య నల్ (ఖాళీ) అయితే ముక్కంతా నల్ అవుతుంది, గ్రూప్ కన్‌క్యాట్ నల్‌ని పట్టించుకోదు, అంటే సంఖ్య ఇంకా ఎక్కించని సరుకు లైన్లోంచే మాయం. నల్ ఉన్నచోట వేరే మాట పెట్టే ఇఫ్‌నల్ వాడి "ఎన్ని కావాలో అడగాలి" అని చూపించండి. ఒకేలా ఉన్నవాటిని ఒక్కసారే ఉంచే డిస్టింక్ట్ మాత్రం ఆర్డర్లలో వాడకండి, పార్టీ పొద్దున 12, సాయంత్రం 12 అదే చీర చెప్తే ఒక్కటే మిగులుతుంది.

అతికించిన లైనుని టేబుల్లో దాచుకునేవాళ్లూ ఉన్నారు, రేపు సావుకారు లుంగీలు మొత్తం ఎన్ని పోయాయి అంటే కూర్చుని కామాలు విడదీసుకోవాలి.