జూలుకు చైనీస్‌లో రెండు అక్షరాలు: త్సోంగ్, లియే

తెలుగులో గుర్రానికైనా సింహానికైనా జూలే. చైనీస్‌లో దీనికి రెండు అక్షరాలున్నాయి. రెండింటికీ పైభాగం ఒకటే: పొడవాటి జుట్టును సూచించే 10 గీతల 'బ్యావ్'. తేడా కింది భాగంలో.

త్సోంగ్ (మొదటి స్వరం, అంటే మొదటి టోన్; మొత్తం 18 గీతలు) రోజువారీ మాట. 'చాప'లో పలికే దంత్య చకారంతో మొదలుపెడితే ఉచ్చారణ దాదాపు సరిపోతుంది. మా-త్సోంగ్ అంటే గుర్రపు జూలు, జూ-త్సోంగ్ అంటే పంది మెడ, వీపు మీది బిరుసు వెంట్రుకలు. వీటితో బ్రష్షులు చేస్తారు. సింహం జూలుకు త్సోంగ్-మావ్ అంటే చాలు.

ఎక్కువమంది తప్పేది ఇక్కడే. అచ్చం ఇదే ఉచ్చారణ, ఇదే స్వరంతో తాటిజాతి చెట్టును, గోధుమరంగును సూచించే మరో అక్షరం ఉంది. దాని పక్కన చెట్టు గుర్తు ఉంటుంది. 'త్సోంగ్-ష్వా' (ష్వా అంటే బ్రష్షు) అని ఉచ్చారణతో టైపు చేసి, వచ్చిన అక్షరాలను సరిగా చూడకుండా ఎంచుకుంటే పంది వెంట్రుకల బ్రష్షు కాస్తా పీచు బ్రష్షవుతుంది!

లియే (నాలుగో స్వరం, 25 గీతలు) గ్రాంథికం. ఈనాటి భాషలో ఒంటరిగా అరుదు, జంతువుల పేర్లలోనే ఎక్కువ: లియే-గౌ దుమ్ములగొండి, లియే-షీ ఇగ్వానా. పాత రచనల్లో చేప రెక్కలకూ వాడారు. చదివినప్పుడు గుర్తుపడితే చాలు, చేతిరాతకు ముందు త్సోంగ్ నేర్చుకోండి.