కార్బన్ ఎయిర్ సిలిండర్ కొంటున్నారా? ముందు తయారీ నెల చూడండి

ఈ సమీక్ష బీఏ సెట్‌కు (పొగలోకి వెళ్లేటప్పుడు వీపున తగిలించుకునే శ్వాస పరికరానికి) బిగించే కార్బన్ కాంపోజిట్ సిలిండర్ గురించి. 6.8 లీటర్లు, 300 బార్ ఒత్తిడి, లోపల పలుచని అల్యూమినియం సీసా, దాని చుట్టూ కార్బన్ పోగులు చుట్టి రెజిన్ పట్టించిన రకం. విశాఖ దగ్గర పరవాడ ఫార్మా సిటీలో ఒక కర్మాగారం అగ్నిమాపక విభాగం బాధ్యత నాది. మేము మొదట కొన్న సిలిండర్లకు పదిహేనేళ్ల గడువు ఈ మధ్యే ముగిసింది. కొత్త సిలిండరు పెట్టె విప్పి పొగిడే సమీక్షలు దొరుకుతాయి. గడువు తీరేదాకా వాడి రాసింది తెలుగులో నాకు కనిపించలేదు, అందుకే రాస్తున్నాను.

ముందు మంచి చెబుతాను. మొదటి మంచి బరువు. ఇంతకుముందు మా దగ్గర ఉన్న ఉక్కు సిలిండర్లు ఖాళీగానే ఎనిమిది, తొమ్మిది కిలోలు ఉండేవి. ఇది నాలుగు కిలోల చుట్టుపక్కల ఉంటుంది. నిండితే లోపలి గాలి బరువే రెండు కిలోలు దాటుతుంది, ఈ మాట చెబితే చాలామంది నమ్మరు. రియాక్టర్ బ్లాకులో ఇనుప మెట్ల మీద నాలుగో అంతస్తుకు ఎక్కాల్సి వచ్చినప్పుడు నాలుగైదు కిలోల తేడా చిన్నది కాదు. మోసే బరువు తగ్గితే ఆయాసం తగ్గుతుంది, ఆయాసం తగ్గితే గాలి ఎక్కువసేపు వస్తుంది. కుర్రవాళ్లు ఒకసారి దీన్ని తగిలించుకున్నాక ఉక్కు సిలిండరు వైపు చూడలేదు.

బ్రోచరులో 45 నిమిషాలు అని రాసి ఉంటుంది. నిమిషానికి 40 లీటర్లు పీలిస్తే లెక్క సరిపోతుంది. 300 బార్ దగ్గర ఇందులో పట్టే గాలి దాదాపు 1,850 లీటర్లు. కానీ నిండు సూట్‌లో హోస్ లాగుతున్న మనిషి నిమిషానికి 60 లీటర్లు సునాయాసంగా పీలుస్తాడు. అప్పుడు అరగంటే. గేజ్ 55 బార్ దగ్గరికి వచ్చేసరికి విజిల్ మోగుతుంది, ఆ తర్వాత మిగిలిన గాలి బయటికి రావడానికే. మా శిక్షణలో నేను 45 అనే అంకెను నోటివెంట రానివ్వను.

ఇక అసలు సంగతి, గడువు. ఉక్కు సిలిండరుకు క్యాలెండరుతో ముడిపడిన గడువు ఉండదు, పరీక్షల్లో నెగ్గినంత కాలం వాడతారు. కార్బన్ సిలిండరులో ఒత్తిడిని మోసేవి పోగులు, వాటిని పట్టి ఉంచేది రెజిన్. నింపిన ప్రతిసారీ సిలిండరు రవ్వంత ఉబ్బుతుంది, ఖాళీ అయ్యేకొద్దీ సర్దుకుంటుంది. అమెరికా రవాణా శాఖ డీఓటీ-సీఎఫ్‌ఎఫ్‌సీ ప్రమాణం ఈ రకానికి 15 ఏళ్లు గడువు పెట్టింది. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 11119 ప్రకారం గడువున్న రకం నమూనాను ఏడాదికి 250 చొప్పున లెక్కగట్టి, అన్నిసార్లు పరీక్ష ఒత్తిడి దాకా పెంచి తగ్గించి చూస్తారు. పదిహేనేళ్లకు అది 3,750 సార్లు. మా సిలిండర్లు అందులో చిన్న వంతు కూడా నిండలేదు. అందుకే గడువు దగ్గరపడగానే పై అధికారులు అడిగారు, "ఎప్పుడో డ్రిల్లుకు తప్ప వాడలేదు కదా, ఇంకో రెండేళ్లు నడపలేమా?" అని.

నడపకూడదు. ఎన్నిసార్లు నిండిందన్నది గడువులో ఒక లెక్క మాత్రమే. మెట్ల అంచుకు తగిలిన దెబ్బలు, ఎండలో వ్యాన్‌లో పడి ఉన్న మధ్యాహ్నాలు, మీద చిందిన రసాయనాలు ఏ రిజిస్టరులోనూ పూర్తిగా ఉండవు. కార్బన్ పైన రక్షణగా గాజు పోగుల పొర ఒకటి ఉంటుంది. ఆమ్లం తగిలితే ఆ గాజు పోగులు ఒత్తిడి కింద పెళుసెక్కి తెగుతాయి. మాలాంటి చోట ఆమ్లం తగిలే అవకాశం రోజూ ఉంటుంది. పైకి రంగు మారకుండానే లోపల పోగులు బలహీనపడవచ్చు. ఆ సిలిండరు 300 బార్‌తో ఒక మనిషి వెన్నుకు అంటిపెట్టుకుని ఉంటుంది. ఈ ఒక్క వాక్యమే నోట్‌లో రాసి పైకి పంపాను, కొత్తవాటికి సంతకం అయింది.

కొనేవాళ్లు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే: గడువు మీరు కొన్న రోజు నుంచి మొదలవదు, తయారైన నెల నుంచి మొదలవుతుంది. సిలిండరు భుజం కింద, రెజిన్ పొర లోపల, అద్దం వెనక పెట్టిన ఫోటోలా ఒక లేబుల్ ఉంటుంది. గోరుతో గీకినా ఊడదు. దాని మీద సీరియల్ నంబరు, నీటి కొలతలో పరిమాణం, పని ఒత్తిడి 300, పరీక్ష ఒత్తిడి 450, తయారీ సంవత్సరం, నెల ఉంటాయి. ఐఎస్‌ఓ పద్ధతిలో గుర్తులు వేసినవాటి మీద 'ఎఫ్‌ఐఎన్' అనే అక్షరాలు, పక్కనే ఒక సంవత్సరం, నెల కనిపిస్తాయి. వాడకం ఆగిపోవాల్సిన నెల అది. టార్చి వేసి చదవండి, సామాను దించిన లారీ వెళ్లకముందే చదవండి.

రెండో విడత సరుకు వచ్చినప్పుడు ఒక డీలరు పంపిన సిలిండర్ల తయారీ నెల రెండేళ్లకు పైగా పాతది. ఫోను చేస్తే, "సీలు కూడా తీయలేదు సార్, కొత్తవే" అన్నాడు. పదిహేనేళ్ల డబ్బు తీసుకుని పదమూడేళ్లు ఇస్తే అది కొత్తది ఎలా అవుతుంది? పైగా మా రకానికి అయిదేళ్లకోసారి హైడ్రో టెస్ట్ (నీళ్లు నింపి చేసే ఒత్తిడి పరీక్ష) చేయించాలి, ఆ అయిదేళ్లూ తయారీ నుంచే లెక్క. అంటే మొదటి పరీక్ష ఖర్చు మూడేళ్లు కాకుండానే నెత్తిన పడుతుంది. చాలా ఉత్తరాలు నడిచాక మార్చి ఇచ్చాడు. కొనుగోలు విభాగాల వాళ్లకు నా విన్నపం: ధరను పదిహేనుతో కాదు, మీ చేతికి వచ్చేనాటికి మిగిలిన ఏళ్లతో భాగించండి. ఉక్కుకు రెండు మూడు రెట్లు పెట్టి కొంటున్న వస్తువు ఇది.

హైడ్రో టెస్ట్ సేవ గురించి కూడా చెప్పాలి. పెసో (పేలుడు పదార్థాలు, గ్యాస్ సిలిండర్ల భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) అనుమతి ఉన్న కేంద్రానికే పంపండి. మేము వాడుతున్న కేంద్రంలో నేను నిలబడి చూశాను. వాల్వు విప్పి, సన్నని దీపం లోపలికి దించి, మెడ దగ్గర మరలు, అడుగున తెల్లటి బూడిదలాంటి తుప్పు ఉందేమో చూస్తారు. తర్వాత నీళ్లు నింపి, ఇంకో నీళ్ల తొట్టిలోకి దించి మూత బిగిస్తారు. ఒత్తిడి 450 దాకా పెంచితే సిలిండరు ఎంత ఉబ్బిందో, పక్కనున్న గాజు గొట్టంలో నీళ్లు అంత పైకి లేస్తాయి. ఒత్తిడి వదిలాక నీళ్లు దాదాపు మొదటి గీతకు దిగాలి. పరీక్ష చేసే కుర్రాడు గొట్టానికి కన్ను ఆనించి, రెండుసార్లు చదివి గాని రాయలేదు. ఆ శ్రద్ధకు పూర్తి మార్కులు. అంతకుముందు పంపిన మరో కేంద్రం మాత్రం సరిగా ఆరబెట్టకుండా తిరిగి ఇచ్చింది, వాల్వు విప్పితే మెడ లోపల తడి. ఆ తడి అల్యూమినియాన్ని తింటుంది, రెగ్యులేటరును పాడు చేస్తుంది. ఆరబెట్టిన సంగతి సర్టిఫికెట్టులో రాయించుకోండి.

ఇంకో పొరపాటు అభిప్రాయం చాలా చోట్ల విన్నాను, హైడ్రో టెస్ట్ పాసైతే గడువు పెరుగుతుందని. పెరగదు. పరీక్ష ఆ గడువు లోపల వాడుకోవడానికి మాత్రమే. అమెరికాలో ప్రత్యేక అనుమతి కింద ఇంకో పద్ధతి ఉన్న మాట నిజమే. ఒత్తిడి పెంచుతూ, లోపల పోగులు తెగే చప్పుడును సెన్సర్లతో విని, నెగ్గినవాటికి గడువు పొడిగిస్తారు. అది అక్కడి అనుమతి. ఆ కాగితం చూపించి ఇక్కడ పాత సిలిండర్లు అమ్మజూపేవాళ్లను గుమ్మం దాటనివ్వకండి.

గడువు లేని రకాలు కూడా ఇప్పుడు వస్తున్నాయి, 'ఎన్‌ఎల్‌ఎల్' అని రాసి ఉంటుంది. ప్లాస్టిక్ సీసా ఉన్న నాలుగో రకం ఇంకా తేలిక కూడా. అయితే గడువు లేదంటే పరీక్షలు లేవని కాదు. వాడకం తక్కువై, జాగ్రత్తగా దాచుకునే చోట అది లాభమే. మాలాగా దెబ్బలు, ఆమ్లాలు తప్పని చోట పదిహేనేళ్లకు కచ్చితంగా మార్చేసే రకమే నాకు నమ్మకం. అందుకే మళ్లీ అదే తెప్పించాను. అయిదుకు నాలుగున్నర ఇస్తాను. సముద్రపు గాలికి వాల్వు చక్రం కింద పచ్చగా చిలుము పడుతోంది, ఆ అర మార్కు అందుకు తగ్గించాను.

ఈసారి ఆర్డరులో ఒక షరతు పెట్టించాను: సరుకు అందేనాటికి తయారై ఆరు నెలలు దాటకూడదు. పాతవాటిని తుక్కుకు అమ్మే ముందు గాలి పూర్తిగా వదిలి, వాల్వు తీసేసి, ఒక్కోదానికి డ్రిల్‌తో రంధ్రం చేయించి, సీరియల్ నంబర్లు రిజిస్టరులో కొట్టివేశాం.