వేరొకరు మొదలుపెట్టిన స్పోర్ట్స్ కారు: పూర్తిచేసి ఆరేళ్లు నడిపాక

కారు నా దగ్గరికి వచ్చేసరికి ఛాసిస్‌లో ఇంజన్ కూర్చుని ఉంది, మిగతాదంతా పదకొండు అట్టపెట్టెల్లో ఉంది. "ముప్పాతిక పని అయిపోయిందండీ" అన్నారు మొదలుపెట్టినాయన. ఆ మిగిలిన పావు వంతుకు నాకు రెండున్నరేళ్లు పట్టింది. ఆ తర్వాత ఆరేళ్లలో 23,000 కిలోమీటర్లు తిరిగాను.

1957 నాటి లోటస్ సెవెన్ అనే తేలికపాటి బ్రిటిష్ స్పోర్ట్స్ కారు బాటలో కట్టిన బండి ఇది. 25 మిల్లీమీటర్ల చదరపు ఉక్కు గొట్టాలతో ఛాసిస్, దాని మీద అల్యూమినియం రేకు. ఇంజన్, గేర్‌బాక్సు, డిఫరెన్షియల్ మొదటి తరం మాజ్దా ఎమ్‌ఎక్స్-5 వి, 1.6 లీటర్లది. తూకం వేస్తే 590 కిలోలు వచ్చింది.

సగంలో ఆగిన బండి కొనేవాళ్లకు నా మాట ఒక్కటే: మిగిలిన పని లెక్కపెట్టకండి, అయిపోయిందన్న పని విప్పి చూడండి. ముందు సస్పెన్షన్ బ్రాకెట్ల వెల్డింగు నున్నగా, అందంగా ఉంది. అనుమానమొచ్చి ఒకచోట గ్రైండరు పెడితే, లోహం లోపలికి దిగనే లేదు, పైన పూసినట్టుంది. నాలుగూ కోసేసి కొత్తవి వేయించాను.

బ్రేకులు ఇంకా భయపెట్టాయి. బ్రేకు పైపు నట్లలో 3/8 అంగుళాల యూఎన్‌ఎఫ్ (అంగుళాల కొలత) మరకూ, 10 మిల్లీమీటర్ల మెట్రిక్ మరకూ కంటికి తేడా తెలియదు. మొదటిదాన్ని రెండోదాని రంధ్రంలో పెట్టి తిప్పితే వదులుగా ఎక్కుతుంది, బిగిసినట్టే ఉంటుంది. నా బండిలో అలాగే ఎక్కించి ఉంది, పెడల్ గట్టిగా తొక్కి పట్టుకుంటే ఆ జాయింటు దగ్గర సన్నగా చెమ్మ. ఆ రోజే పైపులన్నీ పీకేసి, ప్రతి నట్టునూ థ్రెడ్ గేజితో చూసుకుంటూ మళ్లీ వేశాను.

వైరింగు మాత్రం టేపు శుభ్రంగా చుట్టి ఉందని వదిలేశాను. రెండో ఏడాది ఒక రాత్రి మలుపులో హెడ్‌లైట్లు రెండూ ఆరిపోయాయి. చీకట్లో బండిని అంచుకు చేర్చేసరికి చేతులు వణికాయి. టేపు విప్పితే లోపల సోల్డరు లేదు, క్రింపు లేదు, తీగలు ఊరికే మెలిపెట్టి ఉన్నాయి.

ఆ వైరింగు కోసం డాష్‌బోర్డు ఊడదీసినప్పుడే, వెనక రేకు మీద పెన్సిల్ రాత కనబడింది: "స్టీరింగ్ ర్యాక్ ఎడమ 4 తక్కువ, షిమ్ వేయాలి". ర్యాక్ అంటే స్టీరింగు తిప్పుడును ముందు చక్రాలకు అందించే భాగం, షిమ్ అంటే ఎత్తు సరిచేయడానికి కింద పెట్టే పల్చటి రేకు. అప్పటిదాకా గతుకుల్లో స్టీరింగు దానంతటదే పక్కకు లాగుతుంటే, టైర్లను, అలైన్‌మెంటును అనుమానిస్తూ తిరిగాను. స్ప్రింగులు తీసేసి చక్రాన్ని పైకీ కిందికీ కదిపి కొలిస్తే, ఎడమవైపు టో (చక్రం ముందుభాగం లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) కొట్టొచ్చినట్టు మారుతోంది. 4 మిల్లీమీటర్ల షిమ్ వేశాక ఆ లాగుడు పోయింది. ఆయనకు లోపం తెలుసు, సరిచేసే తీరిక దొరకలేదు. అందుకే బండితో పాటు నోటు పుస్తకాలు, చిత్తుకాగితాలు, ఫొటోలు అన్నీ అడిగి తెచ్చుకోండి. పెడల్ బాక్సు మాత్రం ఆయన చేసిందే. ఇప్పటికీ ఇసుమంత ఆట లేదు, దాన్ని చూసినప్పుడల్లా ఆయన మీద గౌరవం కలుగుతుంది.

నడపడం గురించి చెప్పాలంటే, మొదట్లో టైర్లలో 30 పీఎస్ఐ పెట్టి, బండి ఎగిరెగిరి పడుతుంటే డీలా పడ్డాను. ఇంత తేలిక బండికి అంత గాలి అక్కర్లేదు. 18కి దించాక రోడ్డు అరచేతికి తెలియడం మొదలైంది. మలుపులోకి తిప్పగానే ముక్కు అటే వెళుతుంది, ఆ హాయి ఆరేళ్లయినా తగ్గలేదు. వానలో తడుస్తాం, గంట దాటితే గాలి హోరుకు చెవులు గింగురుమంటాయి, సామానుకు చోటు లేదు. రోజువారీ అవసరానికి దీన్ని నమ్ముకోకండి.

సస్పెన్షన్ రాడ్ ఎండ్‌లు, అంటే కడ్డీల చివర ఉండే గుండ్రటి కీళ్లు, దుమ్ముకు త్వరగా అరుగుతాయి. ఒకసారి అన్నీ మార్చాను. మొన్న చక్రం పట్టుకుని ఊపితే ముందు కుడివైపు మళ్లీ టిక్కుమంది. ఈసారి రబ్బరు తొడుగులున్నవి తెప్పించాను, అవి బిగించేదాకా బండి స్టాండ్ల మీదే ఉంటుంది.