అలాట్‌మెంట్‌లో కోళ్ళు: కరెంటు వల మేలా, వెల్డ్ మెష్ మేలా?

ఇంగ్లండ్‌లో అలాట్‌మెంట్ (కూరగాయలు పెంచుకోవడానికి అద్దెకిచ్చే తోట స్థలం) దొరికిన మనవాళ్ళు మొదటి ఏడాది మెంతికూర, ముల్లంగి వేస్తారు. రెండో ఏడాదికి మనసు కోళ్ళ మీదికి పోతుంది. పూర్తి ప్లాట్ అంటే సుమారు 300 గజాలు, ఓ మూల నాలుగైదు పెట్టలకు చోటు దొరుకుతుంది. 1950 నాటి అలాట్‌మెంట్ల చట్టం ప్రకారం ఇంటి వాడకానికి పెట్టలను పెంచుకోవచ్చు, పుంజుకు మాత్రం ఆ హక్కు వర్తించదు. 2024 అక్టోబరు నుంచి ఒక్క కోడి ఉన్నా రిజిస్టర్ చేయించాలి. ఇవన్నీ తేలికే. టెన్షన్ అంతా నక్కతోనే.

మా అమ్మమ్మ పొద్దుగూకగానే కోళ్ళను గంప కింద మూసి పైన రాయి పెట్టేది. గంప పెద్ద గట్టిదేం కాదు. పక్కనే మంచాలు వేసుకుని మనుషులుండేవారు, వీధిలో కుక్కలుండేవి. అలాట్‌మెంట్‌లో రాత్రి ఒక్క మనిషీ ఉండడు. అందుకే ఏ కంచెనైనా నేను ఒకే ప్రశ్నతో చూస్తాను: నేను వెళ్ళలేకపోయిన సాయంత్రం అది ఏం చేస్తుంది?

ఈ ప్రశ్న నాకు ఆలస్యంగా తట్టింది. మొదట్లో చవకగా వస్తుందని ఆరు మూలల కన్నాలుండే సన్నటి చికెన్ మెష్ కట్టాను. ఏప్రిల్‌లో ఒక రోజు ఉదయం వెళ్తే కింది మూలలో రెండు పిడికిళ్ళు పట్టేంత చిరుగు, తీగ కొసలకు ఎర్రటి వెంట్రుకలు. ఐదు పెట్టల్లో ఒక్కటి గూటి కప్పు మీద ముడుచుకుని ఉంది. చేతుల్లోకి తీసుకుంటే దాని గుండె దడ నా వేళ్ళకు తెలిసింది. నక్క పిల్లలు మార్చి, ఏప్రిల్‌లలో పుడతాయి. ఆ తర్వాత రెండు మూడు నెలలు తల్లీతండ్రీ పట్టపగలు కూడా మేత కోసం తిరుగుతాయి. చికెన్ మెష్ కోళ్ళు బయటికి పోకుండా ఆపుతుందే గానీ నక్క పళ్ళకు ఆగదు.

ఇక మిగిలినవి రెండు. కరెంటు వల వేయడం సులువు. 50 మీటర్ల చుట్ట తెచ్చి, గంటలో పాతి, బ్యాటరీ పెట్టెకు తగిలిస్తే సరి. నక్క దేన్నైనా ముందు ముక్కుతో చూస్తుంది. తడి ముక్కుకు ఒక్కసారి షాక్ తగిలితే మళ్ళీ ఆ పక్కకు రావడానికి జంకుతుంది. వలను పది రోజులకోసారి జరుపుకుంటే కోళ్ళకు కొత్త గడ్డి, మడికి ఎరువు. కానీ మే, జూన్‌లలో గడ్డి ఏపుగా పెరిగి వలకు తగిలితే కరెంటు నేలలోకి పోతుంది, బ్యాటరీ దిగిపోతుంది. అది చూసుకోవడానికి రోజూ మనిషి కావాలి. కొన్ని సైట్లలో దీనికి అనుమతి ఉండదు, ముందే కనుక్కోండి.

వెల్డ్ మెష్ అంటే తీగలు కలిసేచోటల్లా అతికించిన గట్టి ఇనుప జాలీ. దానితో కట్టే గదికి ఖర్చెక్కువ, రెండు వారాంతాలు చాకిరీ. 13 మిల్లీమీటర్ల కన్నం ఉన్నదే తీసుకోవాలి, పెద్ద ఎలుకలూ దూరలేవు. పైకప్పు కూడా మెష్‌తోనే వేయాలి. నక్క గోడ మొదట్లోనే తవ్వుతుంది కాబట్టి మెష్‌ను నేల మీద ఒక అడుగు బయటికి పరిచి పైన రాళ్ళు పేర్చాలి. గూటికి టైమర్ తలుపు పెట్టించండి, ఇది మాత్రం మానకండి. ఇక్కడ డిసెంబరులో నాలుగింటికే చీకటి, జూన్‌లో తొమ్మిది దాటినా వెలుతురు. ఉద్యోగం చేసుకునేవాళ్ళం ఆ వేళకు రోజూ వెళ్ళగలమా? అందుకే నా ఓటు వెల్డ్ మెష్‌కే. కరెంటు వల వేసవిలో నేను తోటలో ఉన్న పూట పెట్టలను గడ్డిలోకి వదలడానికి వాడతాను. బ్యాడ్జర్లు (నేల తవ్వే బలమైన అడవి జంతువులు) తిరిగే చోట మెష్ ఇంకా గట్టిగా ఉండాలి. వాటికి 1992 నాటి ప్రత్యేక చట్టం కింద రక్షణ ఉంది, వాటి జోలికి వెళ్ళకూడదు.

ఎలుకల సంగతి వేరు. అవి కోళ్ళకంటే దాణా కోసం వస్తాయి. మందు పెట్టాలా, బోను పెట్టాలా అని అందరూ అడుగుతారు. మందు నాకు ఇష్టం లేదు. దాన్ని తిన్న ఎలుకను గుడ్లగూబ తింటే విషం దానికీ ఎక్కుతుంది. కొన్ని బలమైన మందులను ఆరుబయట వాడటం 2024 చివరితో ఆపేశారు కూడా. స్ప్రింగు బోనును కోళ్ళకు అందకుండా పెట్టెలో పెడితే పని చేస్తుంది. అంతకంటే ముందు దాణాను మూతున్న ఇనుప డబ్బాలోకి మార్చండి. కోడి ఎక్కి తొక్కితేనే తెరుచుకునే తొట్టి పెట్టండి. మనింట్లోలా మిగిలిన అన్నం చల్లడం ఇక్కడ కుదరదు. మాంసం, గుడ్లు, పాలు ఏవీ రాని పూర్తి వీగన్ ఇల్లయితే తప్ప వంటగది నుంచి వచ్చినవి కోళ్ళకు పెట్టడం చట్టవిరుద్ధం. తోటలో కోసిన ఆకులు నేరుగా వేయొచ్చు.

పోయిన జనవరిలో మంచు పడ్డ మర్నాడు వెళ్ళాను. మెష్ చుట్టూ నక్క అడుగులు, రెండు చుట్లు. తలుపు దగ్గర ఒక రాయి పక్కకు జరిగి ఉంది. దాని కింద మట్టి గీరి, మెష్ తగలగానే వదిలేసింది. లోపల ఐదు పెట్టలూ దాణా కోసం తొందర పెడుతున్నాయి.