ఎవరెస్ట్ బేస్ క్యాంప్ దారి: బసలు, భోజనం, రేపటి వాతావరణం

తిరుపతి నుంచి ఎవరెస్ట్ బేస్ క్యాంపుకు వెళ్లాలనుకునేవారు ముందుగా అడిగేది ఖర్చు, తిండి గురించే. తిండికి లోటు లేదు. పప్పూ అన్నం ప్రతి బసలోనూ దొరుకుతుంది, అడిగితే మారు వడ్డిస్తారు. ఆవకాయ సీసా ఒకటి వెంట ఉంటే చాలు. నేను మాత్రం బసలను మరో కొలతతో చూశాను: రేపు గాలి ఎలా ఉంటుందో చెప్పే మనిషి అక్కడ ఉన్నాడా, లేడా?

ఈ పట్టింపుకు కారణం హుద్‌హుద్. 2014 అక్టోబరు 12న విశాఖను అతలాకుతలం చేసిన ఆ తుపాను బలహీనపడుతూ ఉత్తరానికి సాగి, రెండు రోజుల తర్వాత నేపాల్‌లోని అన్నపూర్ణ ప్రాంతంలో మంచు తుపానుగా విరుచుకుపడింది. థొరాంగ్ లా కనుమ, ఆ చుట్టుపక్కల నలభై మందికి పైగా చనిపోయారు. తుపాను వస్తోందని వాతావరణ శాఖలకు తెలుసు. కొండ మీద నడుస్తున్నవారిలో చాలామందికి ఆ కబురే అందలేదు. 2021 నవంబరు వానలకు శ్రీవారి మెట్టు దారి ఏమైందో చూసిన మనకు వాయుగుండం సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. అక్టోబరు హిమాలయాలకు మంచి నెలే. కాకపోతే బంగాళాఖాతానికీ అదే తుపానుల కాలం.

నడక మొదలయ్యే లుక్లాలో విమానాశ్రయం రన్‌వే 527 మీటర్లే. మధ్యాహ్నానికి గాలీ మబ్బూ కమ్ముకుంటాయి కాబట్టి విమానాలు ఎక్కువగా ఉదయం పూటే. రద్దీ నెలల్లో చాలావరకు ఖాట్మండు నుంచి కాకుండా రామెఛాప్ నుంచి ఎగురుతాయి. అంటే ఖాట్మండు నుంచి అక్కడికి అర్ధరాత్రి జీపు ప్రయాణం. టికెట్లు ఇచ్చిన ఏజెంటు ఆ ముక్క ముందురోజు సాయంత్రం దాకా మాకు చెప్పలేదు.

బసల్లో నా ఓటు నామ్చే బజార్‌కే. 3,440 మీటర్ల ఎత్తులో రెండు రాత్రులు ఆగి తీరాలి. మేం దిగిన చోట పొయ్యి పక్కన గోడకు ఒక పలక వేలాడుతుంది. యజమానురాలు రోజూ రాత్రి భోజనాలయ్యాక సుద్దముక్కతో పై ఊళ్ల పేర్లు రాసి, ఎదురుగా గాలి వేగం, మంచు పడే అవకాశం రాసేది. గది ఇరుకు, ఫోను చార్జింగుకు వేరే డబ్బు. అయినా ఆ పలక కోసమే అక్కడ మళ్లీ దిగుతాను.

అలిపిరి 3,550 మెట్లు వారం వారం ఎక్కితే కాళ్లు గట్టిపడతాయి, నిజమే. తిరుమల కొండ వెయ్యి మీటర్ల లోపే కనుక పల్చటి గాలికి శరీరం అలవాటు పడదు. మూడు వేల మీటర్లు దాటాక, పడుకునే చోటు ముందురాత్రి కంటే 500 మీటర్లకు మించి ఎత్తులో ఉండకూడదు. నామ్చే పైన ఆగే ఊళ్లలో అందరూ దింగ్‌బోచే మేలంటారు. నేను ఫెరిచే అంటాను. గాలి ఎక్కువ, గదులు చల్లన. కానీ హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ వైద్యశాల అక్కడే ఉంది. సీజనులో మధ్యాహ్నం పూట ఎత్తు జబ్బు గురించి వైద్యులే వివరిస్తారు. తలనొప్పిని దాచుకుని పై ఊరికి నడవాలని చూసే తోటివారిని ఆపడానికి ఆ మాటలు మనవాటికంటే బాగా పనిచేస్తాయి.

బేస్ క్యాంపుకు ముందు చివరి బస గోరక్ షెప్. అక్కడ తలగడ పక్కన పెట్టుకున్న నీళ్ల సీసా తెల్లారేసరికి గడ్డకట్టింది. ఒక్క రాత్రికి మించి వద్దు.

ఫోనులో ఊరి పేరు కొట్టి చూసే ఉష్ణోగ్రతను నమ్ముకుని శిఖరాలకు బయలుదేరకండి. కిలోమీటరు ఎత్తుకు సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది, పైగా గాలి. విండీ వంటి వాతావరణ యాప్‌లలో 500 మిల్లీబార్ల స్థాయి గాలిని, అంటే గాలి పీడనం అంతకు తగ్గే ఎత్తులోని గాలిని ఎంచుకోండి. గోరక్ షెప్ పైనున్న కాలా పత్థర్ కొండ తల దాదాపు ఆ ఎత్తులోనే ఉంటుంది. ఎవరెస్ట్ ఎక్కేవారు మే నెలలో కాచుకునేది కూడా ఇంకా పైన వీచే జెట్ స్ట్రీమ్ అనే బలమైన గాలి కాస్త ఉత్తరానికి జరిగే రోజుల కోసమే.

బీమా తీసుకునేటప్పుడు ఆరు వేల మీటర్ల వరకు హెలికాప్టర్ తరలింపు వర్తిస్తుందని కాగితం మీద చూసుకోండి. లుక్లాలో మబ్బు పడితే విమానాలూ హెలికాప్టర్లూ రెండూ ఆగిపోతాయి కనుక, ఖాట్మండు నుంచి తిరుగు టికెట్టుకు ముందు రెండు మూడు రోజులు ఖాళీగా ఉంచుకోండి.